ఉప్పూ కారం తినని మా బావ

మనిషికి రోషం లేదని దెప్పాలంటే మనవాళ్లు అడిగే మాట ఒకటుంది, ఉప్పూ కారం తింటున్నావా లేదా అని. ఎవరూ అడక్కముందే నేనే చెప్పేస్తున్నాను, మా బావ తినడం లేదు. డాక్టరమ్మ వద్దంది, మా అక్క పెట్టడం లేదు. అలా మానేసిన తొంభై ఎనిమిదో రోజు మధ్యాహ్నం మా వంటగదిలో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కాళ్లు ఒక్కచోట నిలవవు. మా అక్క "కాస్త కూర్చుని చెప్పవే" అంటుంది. కూర్చుని చెప్పే సంగతి అయితే కదా.

మా బావ చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంటమేస్త్రి. రోజూ ఆరువందల మందికి మధ్యాహ్నం భోజనం వండుతాడు. అదే వంటగదిలో నేను కూరగాయలు తరుగుతాను, పళ్లేలు చూసుకుంటాను, అవసరమైతే అందరి తరఫునా పోట్లాడతాను. ముప్పై ఏళ్ల కిందట బావ ఇక్కడ గిన్నెలు తోమడానికి చేరాడట. తోమే ముందు ప్రతి గిన్నె అడుగునా మిగిలింది నాకి చూసేవాడట. అప్పటి మేస్త్రి పట్టుకుని తిట్టబోతే "ఈరోజు ధనియాలు ఎక్కువ మాడాయండీ" అన్నాడట. తిట్టాల్సినాయన నోరు మూసుకుని పొయ్యి దగ్గరికి తీసుకుపోయాడు. ఈ కథ బావ చెబితే నమ్మేదాన్ని కాదు, ఆ పాత మేస్త్రే మా అక్క పెళ్లిలో చెప్పాడు.

బావకి ఫ్యాక్టరీ అంతా పెట్టిన పేరు చుక్క మేస్త్రి. కొత్తగా చేరినవాళ్లు ఆ పేరు విని, తాగుతాడేమో అనుకుని ఓ నాలుగు రోజులు దూరదూరంగా నడిచేవాళ్లు. అసలు సంగతి వేరు. కూర దించే ముందు గరిటెతో ఒక చుక్క ఎడమ అరచేతిలో వేసుకుంటాడు. నాలుకకి తగిలించి కళ్లు మూసుకుంటాడు. వంటగదిలో తొమ్మిది మందిమీ ఆగిపోతాం. కాసేపటికి "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" వినబడితేనే గుండిగ పొయ్యి దిగేది.

వండటం ఎంత బాగా వచ్చో తినడం అంతకు రెండింతలు వచ్చు ఆయనకి. జేబులో ఎప్పుడూ ఉప్పు పట్టించిన పల్లీలు ఉండేవి. వేయించిన బంగాళాదుంప ముక్కలు కనబడితే పక్కన మనిషి ఉన్న సంగతి కూడా మరిచిపోయేవాడు. టమాటాలు కోస్తూ కోస్తూ నాలుగోవంతు నోట్లోనే వేసుకునేవాడు. భోజనమయ్యాక రెండు అరటిపళ్లు. నేను ఏడిపించేదాన్ని, "బావా, ఆరువందల మందికీ వండగా మిగిలింది నువ్వు తింటున్నావా, నువ్వు తినగా మిగిలింది వాళ్లకి పెడుతున్నావా?" అని. నవ్వి నా దోసిట్లో నాలుగు పల్లీలు పోసేవాడు. అది లంచం.

కాళ్లు వాచినప్పుడు చెప్పులు బిగుసుకుపోయాయనుకున్నాడు. కొత్త చెప్పులు కొన్నాడు. అవీ బిగుసుకుపోయాయి. అప్పుడు మా అక్క రెక్క పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ కాగితాలన్నీ చూసి, బావ రెండు కిడ్నీలూ కలిపి మూడోవంతు పనే చేస్తున్నాయని చెప్పింది. ఇది పూర్తిగా పోయే జబ్బు కాదనీ, నోరు కట్టుకుంటే మాత్రం చాలా ఏళ్లు ఇక్కడే ఆపి ఉంచొచ్చనీ చెప్పింది. ఆ తర్వాత మానాల్సినవి వరసగా రాసిచ్చింది. ఉప్పు, పల్లీలు, బంగాళాదుంప, టమాటా, అరటిపండు. కడుపులో పుండు కూడా ఉంది కాబట్టి కారం తగ్గించమంది. మాంసం రెండు చిన్న ముక్కలు దాటొద్దంది.

బావ ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవన్నీ తీసేస్తే ఇక మిగిలేది పళ్లెమే కదండీ" అన్నాడు. డాక్టరమ్మ నవ్వింది. మా అక్క నవ్వలేదు.

మా అక్క తగ్గించమంటే మానేయించే రకం. ఆ సాయంత్రమే ఉప్పు డబ్బా, కారం డబ్బా పక్కింటావిడకి ఇచ్చేసింది. ఆయనకి పెట్టిందే తనూ తినడం మొదలుపెట్టింది. నేను వాళ్లింటికి భోజనానికి వెళ్లడం తగ్గించుకున్నాను, ఆ మాట ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఇంట్లో నోరు కట్టుకున్న మనిషి క్యాంటీన్లో విప్పేశాడు. రుచి చూడాలి కదా అనే వంకతో చుక్క కాస్తా చెంచా అయింది, చెంచా గరిటె అయింది. ఒకరోజు బియ్యం బస్తాల వెనక చప్పుడైతే ఎలుకేమో అనుకుని చీపురు పట్టుకుని వెళ్లాను. బావ గిన్నెడు బంగాళాదుంప వేపుడు ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నోట్లో ముక్క మింగలేడు, ఉమ్మలేడు. ఎలుకైతే కొట్టేదాన్ని. బావని ఏం చేయను? వారం తిరక్కుండా ఊపిరి అందక మూడు రోజులు ఆసుపత్రిలో పడుకున్నాడు. ఆ మూడు రోజులూ మా అక్క ఒక్క మాట అనలేదు. అదే ఆయన్ని భయపెట్టింది.

బయటికొచ్చాక నన్ను పక్కకి పిలిచి, "మరదలా, ఇక చుక్క కూడా వద్దు. ఒక్క చుక్క నాలుక మీద పడితే నా చెయ్యి నా మాట వినదు" అన్నాడు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టింది ఆ రోజు నుంచే.

అన్న మాట మీద నిలబడ్డాడు. కానీ రుచితో పాటు ఆకలి కూడా పోయింది. ఇంట్లో పళ్లెం ముందు కూర్చుని "ఆకలి లేదు" అనేవాడు. నాలుగు ముద్దలు తిని లేచిపోయేవాడు. తొమ్మిది కిలోలు తగ్గాడు. ఉప్పు తింటే ఎంత ప్రమాదమో, అసలు అన్నమే తినకపోతే అంతే ప్రమాదమని డాక్టరమ్మ హెచ్చరించింది. అంతవరకూ ఎక్కువ తింటున్నాడని ఏడ్చిన మా అక్క, ఇప్పుడు తినడం లేదని ఏడ్చింది.

ఇక పని మాట. రుచి చూడని మేస్త్రి ఉన్నాడని తెలిస్తే మా క్యాంటీన్ మేనేజరు ఊరుకోడు. చెడ్డవాడు కాదు కానీ ఆయన బుర్ర సూటిగా మాత్రమే పనిచేస్తుంది. నాలుక లేనివాడికి గరిటెందుకు అంటాడు. అందుకని నేను బావకి నాలుకనయ్యాను. ముందు సగం ఉప్పు ఆయనే అంచనా మీద వేసేవాడు. మిగతా సగం గిన్నెలో పోసి పొయ్యి గట్టు మీద పెట్టేవాడు. నేను రుచి చూసి చెప్పాలి, అదీ మిగతావాళ్లకి తెలియకుండా. దానికి మేమిద్దరం మాటలు కుదుర్చుకున్నాం. "ఆకలేస్తోంది బావా" అంటే ఉప్పు తక్కువైంది, ఇంకా వెయ్యి. "దాహమేస్తోంది బావా" అంటే ఎక్కువైంది, నీళ్లు పొయ్యి. "నాకు పనుంది బావా" అంటే సరిపోయింది, దించెయ్యి.

సగం ఉప్పే వేసి ఉంటుంది కాబట్టి రోజూ నాకు ఆకలే వేసేది. గరిటె తిరిగే చోటల్లా నిలబడి "ఆకలేస్తోంది బావా" అంటుంటే వంటగదిలో వాళ్లు నాకు ఆకలమ్మ అని పేరు పెట్టారు. పెట్టనీ. బావ పొయ్యి ముందు ఉంటే చాలనుకున్నాను.

సరిగ్గా అప్పుడే పై వాళ్లు కొత్త సంగతి పట్టుకొచ్చారు. బయట ఎక్కడో పెద్ద వంటశాల ఉందట. వాళ్లు వండి, డబ్బాల్లో పెట్టి, వ్యానులో తెచ్చి వడ్డిస్తారట. మా పొయ్యిలు అక్కర్లేదట. కార్మికులు ఊరుకోలేదు, మా మేస్త్రి కూరే కావాలన్నారు. చివరికి పోటీ పెట్టారు. ఒకేరోజు, ఒకటే కోడికూర, వాళ్లది ఒకటి, మాది ఒకటి. అందరూ రెండూ తినాలి. తిన్నాక ఏ కూర నచ్చితే ఆ కూర ముందున్న బక్కెట్లో చెంచా వెయ్యాలి. మా బక్కెట్లో చెంచాలు తక్కువ పడితే నెలాఖరుకి వంటగదికి తాళం. తొమ్మిది మందిమీ ఇంటికి. యాభై దాటి, మూడోవంతు కిడ్నీలతో ఉన్న మేస్త్రికి ఇంకో పొయ్యి ఎవరిస్తారు?

ఆ రోజు పొద్దున ఆరింటికల్లా నేను వంటగదిలో ఉన్నాను. బావ నాకంటే ముందే ఉన్నాడు. ఆ పొద్దున ఆయన వంట చూడాల్సిందే. నాలుక కట్టేసుకున్నాక ముక్కూ చెవులూ పదునెక్కాయి ఆయనకి. ఉల్లిపాయలు వేగుతుంటే గుండిగ వైపు చెవి పెట్టి, "నీళ్ల చప్పుడు పోయింది, ఇప్పుడు వెల్లుల్లి" అన్నాడు. మిరియాలు పొడి కొట్టి వెయ్యక, వేయించి చితక్కొట్టి వేశాడు. ఉల్లి ముద్దని ఎర్రగా కాదు, దాదాపు నల్లబడేదాకా ఓపికపట్టి వేయించాడు. నిమ్మకాయలు నేను పిండుతుంటే గింజలు పడుతున్నాయని విసుక్కున్నాడు. బావ విసుక్కుని ఎన్నాళ్లయిందో. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

పదకొండున్నరకి వ్యాను వచ్చింది. తెల్ల టోపీలు, మెరిసే డబ్బాలు. మేనేజరు "పళ్లేలు, పళ్లేలు" అని కేకలు. నేను పళ్లేల దొంతర్లు ఎత్తుకుని వంటగదికీ హాలుకీ మధ్య ఎన్నిసార్లు పరిగెత్తానో లెక్క లేదు. గొంతు పిడచకట్టుకుపోయింది. రుచి చూసే వేళ అయిందని గుర్తొచ్చి, చెంచా పట్టుకుని గుండిగ దగ్గరికి వచ్చాను. బావ అటు తిరిగి మంట తగ్గిస్తున్నాడు. నేను చెంచా ముంచబోతూ, అలవాటుగా, అలసటగా, "అబ్బ, దాహమేస్తోంది బావా" అన్నాను.

అని, నీళ్ల కోసం వెళ్లాను. రెండు గుక్కలు తాగానో లేదో, హాల్లోంచి "చెంచాలు చాలలేదు, రా రా" అని పిలుపు. చెంచాల పెట్టె ఎత్తుకుని పరిగెత్తాను.

తిరిగి వచ్చేసరికి వడ్డన మొదలైపోయింది. వరస సగం దాటింది. గుండిగ సగం ఖాళీ. పొయ్యి గట్టు మీద ఉప్పుగిన్నె నిండుగా, పొద్దున ఎలా పెట్టాడో అలాగే ఉంది.

బావ పక్కకి చేరి గుసగుసగా అడిగాను.

"బావా, ఉప్పెందుకు వెయ్యలేదు?"

"నువ్వే కదా దాహమేస్తోందన్నావ్. రెండు చెంబులు వేడినీళ్లు కూడా పోశాను."

"నాకు దాహమేసింది బావా."

"అదే కదా నేనూ అంటున్నాను."

"అది కాదు బావా. నాకు. నాకు దాహమేసింది. గొంతెండిపోయి."

బావ గరిటె ఆగిపోయింది. నా మొహం చూశాడు. ఉప్పుగిన్నె చూశాడు. నేను గిన్నె అందుకుని గుండిగలో వంపబోయాను. చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మూడువందల మంది తినేశారు. ఇప్పుడు కలిపితే వాళ్లకొక కూర, వీళ్లకొక కూర అవుతుంది. అది తప్పు. వదిలెయ్."

అప్పుడే హాల్లోంచి మేనేజరు కేక. ఇద్దరం వెళ్లాం. ఆయన చేతిలో మా కూర పళ్లెం ఉంది. మొహం మాడిపోయి ఉంది. ఓ పక్క తెల్ల టోపీలవాళ్లు ముసిముసిగా నవ్వుకుంటున్నారు. ఆయన అందరి ముందూ, తనకి తెలిసిన మాటల్లో అన్నిటికన్నా పదునైనది తీసి విసిరాడు.

"ఏమయ్యా మేస్త్రీ. అసలు నువ్వు ఉప్పూ కారం తింటున్నావా?"

నా ఒళ్లు మండిపోయింది. తిరిగి అనడానికి నోరు తెరవబోయాను. ఈలోపు బావ, బస్సు ఎన్నింటికని అడిగితే చెప్పినంత మామూలుగా, "తినడం లేదు సార్. తొంభై ఎనిమిది రోజులైంది" అన్నాడు.

వెనక బల్ల దగ్గర ఎవరో పకపకా నవ్వారు. ఎదురు చెప్పాడనుకున్నారు. బావ జేబులోంచి, ఒకప్పుడు పల్లీలుండే జేబులోంచి, మడతలు నలిగిన కాగితం తీసి మేనేజరు చేతిలో పెట్టాడు. మేనేజరు చదివాడు. ఉప్పు, పల్లీలు, బంగాళాదుంప, టమాటా, అరటిపండు. నవ్వు ఆగిపోయింది.

"మూణ్నెల్ల నుంచీ రుచి చూడకుండా వండుతున్నావా?" అన్నాడు మేనేజరు నెమ్మదిగా.

"మా మరదలు చూస్తుంది సార్."

"తప్పు నాది సార్" అన్నాను. "నాకు నిజంగానే దాహమేసింది."

ఆ మాట అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. అందరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. సరే, పిచ్చిదాన్నే. నాకు ఒక్కటే అర్థమైంది, బక్కెట్లలో చెంచాలు ఇంకా పూర్తిగా పడలేదు. ఒక్క ఉరుకున వంటగదిలోకి పోయి ఉప్పుగిన్నె తెచ్చాను. మొదటి బల్ల దగ్గర నిలబడి, "మా కూరలో ఉప్పు సగమే ఉంది. మిగతా సగం ఇదిగో. ఎవరికి ఎంత కావాలో వాళ్లే వేసుకోండి. వేసుకుని ఇంకో ముద్ద తిని, అప్పుడు వెయ్యండి చెంచా" అన్నాను. గిన్నె అందించాను, రెండో బల్ల, మూడో బల్ల. నా గొంతు కీచుమంటోందని తెలుస్తూనే ఉంది. ఆగలేదు.

ఉప్పు పడిన పళ్లేల్లో సంగతి మారిపోయింది. నేను కళ్లారా చూశాను. ఆ నల్లగా వేగిన ఉల్లి, ఆ చితక్కొట్టిన మిరియం, ఆ నిమ్మపులుపు, అన్నీ అక్కడే ఉన్నాయి, ఉప్పు కోసం కాచుకుని. ఓ కుట్టుమిషనావిడ ముద్ద నోట్లో పెట్టుకుని పక్కావిడ మోచెయ్యి పట్టుకుంది. "ఆకలమ్మా, ఇటు తే" అని నాలుగు వైపుల నుంచీ పిలుపులు. పరిగెత్తాను.

కటింగ్ మాస్టారి దగ్గరికి వచ్చేసరికి ఆయన నా ఉప్పుగిన్నెకి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయనకి రక్తపోటు. రెండేళ్లుగా ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుని మూల బల్ల మీద ఒంటరిగా తింటాడు. పోటీ అని తప్పనిసరై ఆ రోజు మాతో కూర్చున్నాడు.

"నాకొద్దమ్మా" అన్నాడు. ఆయన పళ్లెం అప్పటికే శుభ్రంగా ఉంది. "రెండేళ్ల తర్వాత నలుగురితో కలిసి తిన్నాను. ఇది రోజూ ఇలాగే వండితే నేను డబ్బా తెచ్చుకోను. ఇంకొంచెం ఉంటే వెయ్యి."

అలా గిన్నెకి చెయ్యి అడ్డం పెట్టినవాళ్లు ఆయన తర్వాత ఎంతమందో. బొత్తాలు కుట్టే అమ్మాయి, ఇస్త్రీ పెద్దాయన, గేటు దగ్గరాయన. ఎవరి జేబులో ఏ కాగితం ఉందో మాకేం తెలుసు ఇన్నాళ్లూ.

చెంచాలు లెక్కపెట్టడానికి మేనేజరే కింద కూర్చున్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను, ఆయన్ని నమ్మక కాదు, నన్ను నేను ఆపుకోలేక. పదేసి చొప్పున పక్కన పెడుతున్నాం. చివరికి రెండు కుప్పలూ ఒకేలా కనబడుతున్నాయి. నాకు రెండుసార్లు లెక్క తప్పింది. మూడోసారి మేనేజరు నా చేతిలో చెంచాలు లాక్కుని తనే లెక్కపెట్టాడు. మా బక్కెట్లో పద్దెనిమిది ఎక్కువ. పద్దెనిమిది. నేను అరిచిన అరుపుకి పై అంతస్తులో మిషన్లు ఆపి కిందికి తొంగిచూశారట.

మేనేజరు లేచి ప్యాంటు దులుపుకున్నాడు. డాక్టరమ్మ కాగితం మడత పెట్టి బావకి తిరిగి ఇచ్చాడు. తను అన్న మాటకి ఏమైనా అంటాడేమో అని చూశాను. చివరికి, "రేపటి నుంచి ఉప్పు బల్లల మీద పెట్టించండి. గుండిగలో వద్దు" అని వెళ్లిపోయాడు. ఆయన నోటి నుంచి అంతకన్నా మంచి మాట నేను వినలేదు.

తొంభై తొమ్మిదో రోజు బీన్సూ క్యాబేజీ కూర. గుండిగలో ఒక్క రవ్వ ఉప్పు పడలేదు. ఉప్పంతా హాల్లో, బల్లకొక చిన్న గిన్నె చొప్పున. కూర దించే వేళ అయింది. నేను చెంచా పట్టుకుని వెళ్లాను. బావ చెయ్యి అడ్డం పెట్టాడు. గరిటెతో ఒక చుక్క తీశాడు. ఎడమ అరచేతిలో వేసుకున్నాడు.

వంటగది ఆగిపోయింది. బావ నాలుకకి తగిలించి కళ్లు మూసుకున్నాడు. ఈసారి చాలాసేపు తెరవలేదు. నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు కూడా.

"ఊఁ" అనలేదు.

"ఆకలేస్తోంది" అన్నాడు.

మూణ్నెల్ల అలవాటు కదా, నా కాళ్లు వాటంతటవే హాల్లోకి, ఉప్పుగిన్నె వైపు కదిలాయి.

"ఎక్కడికి మరదలా? ఉప్పు కాదు" అన్నాడు బావ వెనక నుంచి. "నాకు. నాకు ఆకలేస్తోంది."

నేను వెనక్కి తిరిగి పళ్లెం కోసం పరిగెత్తాను.